మోటుపల్లి రేవున ఒక పగలు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున వెలువడు ఈ సంచికకు చరిత్రవిషయకముగ ఏదైన వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలెల్ల మన ఊరి జమాఖర్చులు వ్రాయుచు, రాత్రులు ఈ గ్రంథాలయమున శబ్దరత్నాకరము నొకచేతను భారతము నొకచేతను పట్టుకొని, గురువు లేకయే నాలుగు పద్యములకు అర్థము చెప్పుకొన నేర్చినవాడను. కావున ఇందు పాండిత్యము నాశింపక, తోటి గ్రామస్థుడు తాను చూచివచ్చిన యొక చోటును గూర్చి చెప్పుచున్నాడని మాత్రమే చదువరులు భావింపవలెను.

లెక్కలు వ్రాయువానికి శాసనములు నచ్చుటలో వింత యేమియు లేదు. శాసనమనగా రాతిపై వ్రాసిన పద్దే కదా. ఎవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఎంత యిచ్చిరి, ఏ యేట ఏ తిథిని ఇచ్చిరి అనునవి లేని శాసనము అరుదు. కావ్యమున రాజు చంద్రునివలె ప్రకాశించును. శాసనమున ఆ రాజే ఎన్ని పుట్ల భూమి యిచ్చెనో తేలిపోవును. ఇట్టి శాసనములను చదువుచుండగా మన గ్రంథాలయమున మోటుపల్లి శాసనమును గూర్చి తెలిసికొంటిని. రాజు సుంకపు పట్టికను రాతిపై చెక్కించినాడని చదివినంతనే, ఆ రాయిని ఒక్కసారి కన్నులార చూడవలెనను కోరిక పుట్టినది. పుట్టిన కోరిక తీరుటకు ఇరువదియేండ్లు పట్టినది. గత మాఘమాసమున పనులు కొంత తెరపియిచ్చుటచే చేతిసంచి పట్టుకొని బయలుదేరితిని.

త్రోవలో వేటపాలెమున దిగి సారస్వతనికేతనమును దర్శించితిని. గ్రంథాలయపు సంచికలో ఆ పేరు తలపకుండుట తప్పగును. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయపు భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు స్వయముగ శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటములకు అది పేరుపొందినది. ఒక పల్లెటూరివారు నూరేండ్లకు పైగా కాగితమును చెదలనుండియు తేమనుండియు కాపాడుకొని వచ్చుచున్నారనిన, సముద్రపుగాలి తగులు ఆ ప్రాంతమున అది చిన్న పని కాదు. ఇరువదియైదేండ్లకే మన బీరువాలు రెండు చెదల పాలయిన సంగతి కార్యవర్గమువారికి తెలిసినదే కనుక ఈ మాట యిక్కడ ఆపుచున్నాను.

వేటపాలెమునుండి చినగంజాము చేరి, అచటనుండి ఆటోలో మోటుపల్లికి పోయితిని. నా చిన్నతనమున ఈ ప్రాంతము ప్రకాశంజిల్లాలోనిది. అంతకు పూర్వము గుంటూరుజిల్లాలోనిది. 2022నుండి బాపట్లజిల్లాలో చేరినది. త్రోవపొడవున ఉప్పుమళ్లు ఎండకు తెల్లగ మెరయుచుండెను. తరువాత ఇసుకపర, తాడిచెట్లు, సరుగుడు తోటలు. పట్టణమును చూడబోవుచున్నానని నా మనస్సు తొందరపడుచుండెను గాని, కనులకు గోచరించినది ఒక చిన్న పల్లె మాత్రమే. మేకలు మేపుకొనుచున్న యొక వృద్ధుడు నా వాలకము చూచి, "ఏం చూడొచ్చారు సామీ, ఈడ ఇసక దప్ప ఏముంది?" అని యడిగెను. "రాజుగారి రాతిని చూడవచ్చితిని తాతా" అంటిని. "ఈరబద్రసామి గుళ్లో రాయా? అదైతే మా తాతల కాలంనుంచీ ఉంది" అని చేయి చాపి దారి చూపెను.

నిజమే. మోటుపల్లికి పోయి కోటగోడలను, రాజసౌధములను చూడగోరువానికి నిరాశయే కలుగును. హంపివలె శిథిలములు సైతము వైభవముగ నిలిచిన చోటు కాదిది. ఆలయములున్నవి, ఇసుక యున్నది, ఇసుకలో అక్కడక్కడ కుండపెంకులు, ఇటుకముక్కలు ఉన్నవి. తూర్పున సముద్రఘోష వినబడుచుండును. ఒకప్పుడు ద్వీపాంతరములకు పోవు ఓడలకు నెలవైన పట్టణములో మిగిలినది ఇంతే. కాని వీరభద్రాలయ మండపస్తంభముపై నున్న అక్షరములు మిగిలినవి. ఒక్కొక్క పట్టణము రాళ్లను మిగిల్చి పోవును. ఈ పట్టణము మాటను మిగిల్చి పోయినది.

ఆ మాట ఇచ్చినవాడు కాకతీయ గణపతిదేవచక్రవర్తి. 1199నుండి 1262వరకు ఓరుగల్లును రాజధానిగ చేసికొని ఆంధ్రదేశమును చాలవరకు ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చినవాడు. ఓరుగల్లు సముద్రమునకు దూరము. ఆ రాజునకు వెలనాడును, దివిసీమయు వశమైన పిదపనే సముద్రతీరము చేతికి వచ్చినది. తీరము వచ్చినంతనే రేవు బాగుపడదు. రేవునకు ఓడలు రావలెను. ఓడలు రావలెననిన ఓడలవారికి నమ్మకము కలుగవలెను. ఆ నమ్మకము కలిగించుటకై శకవర్షము 1166, క్రోధి సంవత్సరమున, అనగా 1244-45లో, వేయించిన అభయశాసన మిది. ఇందు మోటుపల్లికి దేశియుయ్యకొండపట్టణమను నామాంతరము గలదు. దేశి యనగా దేశదేశములు తిరుగు వర్తకుల సంఘము. పేరున వినబడు తమిళపు నుడిని బట్టియే, ఆ రేవున ఎక్కడెక్కడివారు మెలగుచుండిరో ఊహింపవచ్చును.

శాసనమందలి విషయమును నా మాటలలో చెప్పెదను. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానునకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సరకునంతయు బలవంతముగ తీసికొనుచుండిరి. గణపతిదేవుడు అట్లు చేయనని చెప్పుచున్నాడు. ప్రాణముకంటె ధనమే మిన్న యని తలచి సముద్రయానమువంటి సాహసమునకు పూనుకొన్నవారిపై దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నాడు.

ఈ నిర్ణయించిన సుంకమునకు శాసనమున వాడిన మాట క్లృప్తశుల్కము. ఇచట ఒక చిన్న మాట. మనము వాడుకలో క్లుప్తము అనగా పొట్టిది, సంగ్రహమైనది అని యనుకొందుము. సంస్కృతమున క్లృప్తమనగా ముందుగనే ఏర్పరుపబడినది, నిశ్చయింపబడినది అని అర్థము. ఈ భేదము తెలియక, రాజు కొద్దిపాటి సుంకము తీసికొనెనని యొకచో నేను పొరపాటుగ చెప్పియుంటిని. విన్నవారు మన్నింతురుగాక. సుంకము కొద్దియా గొప్పయా అనునది అటుంచి, అది ముందుగ తెలిసిన సుంకము అనుటయే ఈ శాసనమునకు ప్రాణము. ఎగుమతికైనను దిగుమతికైనను ముప్పదింట ఒకటి. దూరదేశమున ఇంట కూర్చున్న వర్తకుడు, మోటుపల్లి యధికారి ముఖమైన చూడకయే, తన సరకుపై ఎంత పోవునో వ్రేళ్లపై లెక్కించుకొనగలడు.

మోటుపల్లి గుడి అరుగుపై కూర్చుండి నేను వేసిన లెక్క యొకటి ఇచట చెప్పుదును. ఒక ఓడలో ముప్పదివేల మాడల సరకు ఉన్నదనుకొందము. అది క్షేమముగ రేవు చేరిన రాజునకు ముట్టునది వేయి మాడలు. అదే ఓడ పగిలినప్పుడు పాతపద్ధతిని అంతయు లాగికొనినచో ముప్పదివేలు. అనగా ఒక్క పగిలిన ఓడ ముప్పది క్షేమమైన ఓడలకు సమానము. అత్యాశగల యధికారికి ఈ లెక్క మొదటి సగమే కనబడును. కాని ఆ యొక్క దోపిడి వార్త విని వేరు రేవులకు మరలిపోవు ఓడలు ముప్పదికి మించిననాడు రాజునకే నష్టము. గణపతిదేవుని దయను నేను శంకించుట లేదు. దయయు లెక్కయు ఒకే వైపు చూపునప్పుడు ఆ శాసనమునకు ఆయువు హెచ్చునని మాత్రము నా అభిప్రాయము.

సముద్రము ఒడ్డునకు చేర్చినది ఒడ్డున నున్నవానిదే యను ఆచారము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండున మొదటి ఎడ్వర్డురాజు కాలమున, 1275లో, వెస్ట్‌మినిస్టరు చట్టమున దీనికి ఒక హద్దు ఏర్పరచిరి. పగిలిన ఓడనుండి మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినయెడల ఆ సరకు దిక్కులేని సొత్తు కాదు. సొంతదారు వచ్చునేమోయని దానిని ఒక సంవత్సరము మీద ఒక దినము భద్రపరుపవలెను. బాగుగనే యున్నది. కాని ఏ ప్రాణియు మిగులనినాడు, మునిగిపోయిన వర్తకుని పిల్లల గతి యేమి? అంతకు ముప్పదియొక్క సంవత్సరములకు ముందే మోటుపల్లి స్తంభము పిల్లిని కుక్కను వెదకక, సరకు సరకు గలవానిదే యని చెప్పినది. తెలుగువాడనై పుట్టినందుకు ఆ రాతిముందు నాకు కొంచెము గర్వము కలిగినది.

గర్వము చాలసేపు నిలువలేదు. మన ఊరి కాలువవంపు జ్ఞప్తికి వచ్చినది.

ఈ సంచిక చదువు పెద్దలలో పలువురు ఆ దినమున అచట నున్నవారే. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట, వానకాలపు తెల్లవారుజామున, నూనెడబ్బాలతో పోవుచున్న లారీ యొకటి కాలువవంపున బోల్తాపడినది. డ్రైవరు చేయి విరిగి గట్టుపై కూర్చుండెను. పదునాలుగేండ్ల క్లీనరు కుఱ్ఱవాడు, "అయ్యా, తీసుకుపోకండయ్యా, మా ఓనరు నన్ను చంపుతాడు" అని ఏడ్చుచు ఇటునటు పరుగెత్తుచుండెను. అరగంటలో సొట్టపడిన డబ్బా యొక్కటియు మిగులలేదు. నేను పందొమ్మిదేండ్ల పడుచువాడను. ఒక డబ్బా భుజముపై పెట్టుకొని ఇంటికి వచ్చితిని. అందరును తీసికొనుచుండగా నేను మాత్రము ఊరకుండుట తెలివితక్కువగ నాకు తోచినది.

మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దయిన పిదపను ఇంటి లెక్క మానినవారు కారు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "తీసుకుపోయి ఇచ్చిరా" అనిరి. నేను మరల పోవునప్పటికి డ్రైవరును పట్నపు ఆసుపత్రికి కొనిపోయిరి. కుఱ్ఱవాడు కానరాలేదు. సాయంకాలమునకు లారీని కూడ లాగుకొనిపోయిరి. ఎవరి సొమ్మో, ఏ ఊరి షావుకారో చెప్పువారు లేకపోయిరి. తండ్రిగారు ఆ నూనెను ఇంట ముట్టనీయక గుడిదీపమునకు పంపిరి. నేను సమాధానపడితిని. ఆయన సమాధానపడలేదు. "పరాయి నూనె దేవుడికి పోస్తే మన అప్పు ఎట్లా తీరుతుందిరా?" అని పద్దుపుస్తకము తెరచి, డబ్బా వెలను అనామతు ఖాతాలో వ్రాసిరి. ప్రతి ఉగాదికిని క్రొత్త పుస్తకము ఎత్తునప్పుడు ఆ పద్దును మరల ముందుకు తెచ్చుచుండిరి. ఆయన పోయిన పిదప నేను తెచ్చుచున్నాను. అది ఇప్పటికిని అనామతుననే యున్నది.

కావున శాసనమును చదువునప్పుడు పూర్వపు రాజులు దోచిరి అను మాట దగ్గర నేను ఆగిపోయితిని. పూర్వపు రాజులని యంత సులువుగ అనుటకు నా నోరు రాలేదు.

ఇక సుంకపు పట్టిక. అభయవచనము సంస్కృతమున నడువగా, సరకుల లెక్క తెలుగున దిగినది. ధర్మమునకు దేవభాష, బేరమునకు ఇంటిభాష! చందనము, దేశపు కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, రాగి, తుత్తునాగము, సీసము, పట్టుదారము, పగడములు, మిరియాలు, పోకలు మొదలుగా పేర్లు వరుసగ వచ్చును. చందనమునకు తులము లెక్క, పట్టునకు కట్ట లెక్క, పోకలకు లక్ష లెక్క. ఏ సరకునకు ఏ కొలత తగునో యెఱిగినవాడు వ్రాసిన పట్టిక అది. రాజు వ్రాయడు కదా! ఏ కరణమో, ఏ సుంకరియో చీకటి గిడ్డంగిలో సంవత్సరములు గడపి, ముక్కున జవ్వాది వాసన పట్టగా వ్రాసియుండును. ఆతని పేరు తెలిసికొనవలెనని నా మనస్సు ఎంతయో కొట్టుకొన్నది.

ఈ రేవును గూర్చి విదేశీయుల మాటయు ఒకటి గలదు. వెనిసు నగరవాసియగు మార్కోపోలో చీనానుండి మరలివచ్చుచు 1290 ప్రాంతముల మన తీరమును గూర్చి వ్రాసెను. ఆతడు ముత్‌ఫిలి యనిన దేశము ఇదేయని చరిత్రకారులు గుర్తించిరి. రేవు పేరునే దేశమున కంతకును పెట్టినాడు, బస్సు ఆగు చోటి పేరునే ఊరి పేరనుకొను ప్రయాణికునివలె. అచట ఒక రాణి న్యాయముగ ఏలుచుండెననియు, వజ్రములు దొరకుననియు, సాలెగూడువలె సన్నని బట్టలు నేయుదురనియు ఆతడు మెచ్చుకొనెను. ఆ రాణి మన రుద్రమదేవియే. ఆమెను పూర్వరాజు భార్యయని వ్రాసెను గాని, ఆమె గణపతిదేవుని కూతురు. చందుపట్ల శాసనమును బట్టి చూడగా రుద్రమ 1289లోనే దివంగతురాలైనది. ఆతడు ఈ తీరమునకు వచ్చునాటికే ఆమె లేకపోవచ్చును. ఉన్నను లేకున్నను రేవులోని నావికుల నోట ఆమె కీర్తి వినబడుచుండెనన్నమాట. పాములతో నిండిన లోయలో మాంసఖండములు విసరి, గ్రద్దలచేత వజ్రములు పైకి తెప్పింతురని ఆతడు చెప్పిన కథను మాత్రము నమ్మ నక్కరలేదు. వజ్రముల గనుల జోలికి పరులు రాకుండుటకై వర్తకులే అట్టి కథలను పుట్టించియుందురు.

1323లో ఓరుగల్లు పడిపోయినది. రాజ్యము పోయిన రాజు మాటను రేవులో ఎవరు లెక్కచేతురు? పాత పుస్తకములోని పద్దు క్రొత్త పుస్తకములోనికి తనంతట తాను రాదు. ఎవడో ఒకడు పూనుకొని వ్రాయవలెను. ఆ పని చేసినవాడు కొండవీటి అనపోతారెడ్డి. 1358లో ఆతడు మోటుపల్లిలో మరియొక శాసనము వేయించెను. దానిని సంస్కృతాంధ్ర ద్రావిడభాషలు మూడింటను చెక్కించుట గమనింపదగినది. చదువవలసినవానికి అర్థము కాని అభయము అభయమే కాదు. ఈ రేవున స్థిరపడ వచ్చువారికి భూములిత్తుమనియు, వెళ్లదలచినప్పుడు నిర్బంధింపమనియు, సరకును తమకిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, సంతులేక మరణించిన వర్తకుని సొత్తుపై రాజు హక్కును విడిచితిమనియు అందలి సారాంశము. గణపతిదేవుడు ఓడ పగిలినవానిని ఆదుకొనెను. అనపోతారెడ్డి పరాయి ఊరిలో దిక్కులేక కన్నుమూసినవానిని సైతము తలచెను.

శ్రీనాథుని హరవిలాసము చదివినవారికి ఆ కాలపు సముద్రవ్యాపారపు వాసన తెలిసినదే. ఆ కావ్యమును కృతినందిన అవచి తిప్పయసెట్టి రాజు గాడు, వర్తకుడు. సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టుబట్టలను తెప్పించిన వంశమువాడు. కవిసార్వభౌముడు ఒక సెట్టికి కావ్యమిచ్చుట కొందరికి అప్పుడును రుచింపకపోయి యుండవచ్చును. మన గ్రంథాలయపు ప్రతిలో ఆ పుటలు కాఫీ మరకలతో నిండియున్నవనిన, వానిని ఇష్టముగ చదివినవారు మన ఊర గలరనియే అర్థము.

తరువాతి కథ త్వరలో ముగియును. 1390లో విజయనగరపు దేవరాయల శాసన మొకటి ఇచట వెలసినది. పిదప మోటుపల్లి పేరు సన్నగిల్లెను. బందరు పైకి వచ్చినది. 1611లో ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ ఈ తీరమునకు వచ్చినప్పుడు పెద్దపల్లెయు (నేటి నిజాంపట్టణము) మచిలీపట్టణమును వారి కంటికి ఆనెను గాని, మోటుపల్లి ఆనలేదు. బందరు వైభవమును పిదప ఏమైనదో మనకు తెలియును.

మధ్యాహ్నము తిరిగిన పిదప సరుగుడు తోటలు దాటి సముద్రపు ఒడ్డునకు పోయితిని. ఒక ఓడ లేదు, ఒక జెండా లేదు. నాలుగు మరపడవలు ఇసుకపైకి లాగియున్నవి. ఒక పడవ చెంత వలలు బాగుచేసికొనుచున్న యిద్దరు పల్లెకారులతో మాటలాడితిని. గాలికి తెగి పరాయి ఊరి పడవ మీ ఒడ్డునకు వచ్చిన ఏమి చేయుదురని యడిగితిని. ఇద్దరును నా వైపు వింతగ చూచిరి. "ఏం చేస్తాం బాబూ, పడవమీద పేరుంటుంది గదా, ఫోను చేసి రమ్మంటాం. మా పడవ ఆళ్లకాడికి పోదా ఏంది?" అని పెద్దవాడు బదులుచెప్పి మరల వల చేతబట్టెను. వారిద్దరును ఆ స్తంభముపై నున్నది చదివినవారు కారు. ఆ ఊరిలో పుట్టి పెరిగినవారు, అంతే.

ప్రొద్దు వాలుచుండగా మరల గుడికి వచ్చి, వెలుతురున్నంతసేపు స్తంభము చుట్టును తిరిగితిని. అక్షరములపై సున్నము, నూనె, పసుపు తగిలియున్నచోట్ల వ్రేలితో తడవి చూచితిని. ముప్పదింట ఒకటి యనుమాట నిమిషములో చదువవచ్చును. నేను అరగంట చదివితిని.

చూడబోవువారికి రెండు మాటలు. చినగంజామున దిగి ఉదయముననే పోవుట మేలు, పది దాటిన ఇసుక కాలును. త్రాగునీరు వెంట నుంచుకొనవలెను. స్తంభముపై సుద్దముక్కతో గాని బొగ్గుతో గాని గీయరాదు. సుంకపు పట్టికను అచ్చుప్రతి సాయముతో నేను నకలు వ్రాసి, మన గ్రంథాలయమున చరిత్ర బీరువా రెండవ అరలో అట్టకు కుట్టి యుంచితిని. కావలసినవారు అచటనే కూర్చుండి చదువుకొనవచ్చును. ఇంటికి తీసికొనిపోవువారు మాత్రము పుస్తకములో సంతకము చేసి మఱి తీసికొనిపోవలెను.